సాయంత్రం దాకా చెల్లే ఓటీపీ

అదే చెప్తున్నాను కదా, డిఫాల్ట్ విలువ పెట్టడం తప్పెలా అవుతుందని నన్ను ఇప్పటికే చాలామంది అడిగారు. మా సార్ అడిగారు. నాతో చదువుకుని హైదరాబాద్‌లో పెద్ద కంపెనీల్లో చేరిన స్నేహితులు వాట్సాప్ గ్రూపులో అడిగారు. ఒకడైతే, "నువ్వు చేసిందే కరెక్ట్, ఓటీపీ పొద్దంతా చెల్లడమేంటి, ఎవరు రాశారు ఆ కోడ్" అని రాసి, నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. నేను ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. అందరూ కలిసి నన్ను వెనకేసుకొస్తుంటే ఏం చేయాలో నాకు తెలియదు.

మీరూ అదే అనబోతున్నారు, తెలుసు. కాస్త ఆగండి.

నేను పెరిగింది హైదరాబాద్‌లో, ఉద్యోగం దొరికింది కరీంనగర్‌లో. చిన్న ఆఫీసు. కింద టైల్స్ దుకాణం, పైన మేము. కింద టైల్స్ కోసే మిషన్ ఆన్ చేస్తే పైన మా మాటలు ఆగిపోతాయి. అది ఆగేదాకా ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటాం. నాకు అది ఇబ్బందిగా ఉండేది కాదు, మిషన్ ఆగినా నేను ఫోనే చూస్తాను కాబట్టి. మేము చుట్టుపక్కల వాళ్ళకు వెబ్‌సైట్లు చేస్తాం. హుజూరాబాద్‌లో విత్తనాలు అమ్మేవాళ్ళు, బాసరకు బస్సులు నడిపేవాళ్ళు, ఇలాంటివాళ్ళే మా ఖాతాదారులు. వాళ్ళలో ఒకటి మరమగ్గాల సొసైటీ. కరీంనగర్ నుంచి బస్సెక్కితే గంటకు పైగా పడుతుంది ఆ ఊరికి. మరమగ్గాన్ని అక్కడివాళ్ళు సాంచె అంటారు.

సొసైటీకి బడిపిల్లల యూనిఫాం గుడ్డ ఆర్డర్ వచ్చినప్పుడు, సభ్యులంతా ఒక నిర్ణయించిన రోజు వెబ్‌సైట్‌లోకి వచ్చి, తమ ఇంట్లో ఎన్ని సాంచెలు నడపగలరో నమోదు చేసుకోవాలి. సాయంత్రం నమోదు మూసేస్తారు. పేరున్నవాళ్ళకు నూలు పంచుతారు. పేరు లేనివాళ్ళు మళ్ళీ ఆర్డర్ వచ్చేదాకా ఆగాలి. లాగిన్ కావడానికి సభ్యుడి ఫోన్ నంబర్‌కు ఓటీపీ వస్తుంది. అంతే, ఇంతకు మించి ఆ సైటులో గొప్ప పనేమీ లేదు.

కాకపోతే అది పాత ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన సైటు. ఫ్రేమ్‌వర్క్ అంటే లాగిన్లు, ఫారాలు, పేజీలు లాంటి మామూలు పనులన్నీ ముందే రాసిపెట్టిన సరంజామా. పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తదానికి మారాలి. ఏ ముక్క ఎక్కడికి పోతుంది, ఏది ఎలా మార్చాలి అన్నది ఒక డాక్యుమెంటులో ఉంది. దాన్ని రాసింది మా సీనియర్ అక్క. సొసైటీ సైటు మొదటి నుంచీ ఆమె చేతిలోనే పెరిగింది. బెల్లంపల్లిలో ఆమె పుట్టిల్లు. కాన్పుకు అక్కడికి వెళ్తూ, లాప్‌టాప్ సర్దుకుంటూ నాతో అంది:

"చెల్లె, నేను రాసింది అంత గడబిడగ ఉంటది. జర సాపు చెయ్యి. గని సదివి చెయ్యి."

"చదవకుండా ఎలా చేస్తానక్కా" అన్నాను ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"నువ్వు సదువుతవ్. మెసేజ్ అంత పొడుగుంటె సదువుతవ్. గంతకంటె ఎక్కువైతె పరేషాన్ అయితవ్."

ఇద్దరం నవ్వాం. ఆమె నిజమే చెప్పిందని నాకు అప్పుడూ తెలుసు.

డాక్యుమెంటు తెరిచాను. అది డాక్యుమెంటులా లేదు, ఎవరో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. "గీ బటన్‌ను ముట్టకుండ్రి. సొసైటీ పెద్దాయన దేన్నైనా రెండుసార్లు ఒత్తుతడు, ఆయన అలవాటు. రెండుసార్లు ఒత్తినా ఒక్కటే నమోదు పడాలె." ఇలా ఉంటుంది వరస. కొన్ని చోట్ల తేదీలు, కొన్ని చోట్ల ఎవరు ఎప్పుడు ఫోన్ చేసి ఏమన్నారో. ఒక సెట్టింగు గురించి చెప్పాల్సిన చోట ఒక ఇంటి గురించి ఉంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత చిరాకేసింది. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని చూసి ఏం నేర్చుకుంటారు? మా ఆఫీసును ఏమనుకుంటారు? నేను కాలేజీలో చూసిన డాక్యుమెంట్లు అద్దంలా ఉండేవి. దీన్ని అలా చేసి చూపిస్తానని కూర్చున్నాను.

పట్టికలు గీశాను. పాత సెట్టింగు ఒక గడి, కొత్త సెట్టింగు ఒక గడి. పెద్దాయన రెండుసార్లు ఒత్తే సంగతి తీసేసి, "రెండో నొక్కును పట్టించుకోకూడదు" అని ఒక్క ముక్క రాశాను. అది బాగానే ఉంది, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. అందుకే నాకు ధైర్యం వచ్చింది. తీసేస్తూ పోయాను. పేజీలు తగ్గుతుంటే చేతికి ఒక రకమైన హాయి. ఫోన్‌లో పాత ఫొటోలు చెరిపేస్తున్నప్పుడు ఉంటుంది చూడండి, అలాంటిది.

అలా పోతుంటే ఓటీపీ దగ్గరికి వచ్చాను. "ఓటీపీ గడువు: సాయంత్రం నమోదు మూసేదాక. మార్చొద్దు. ఎందుకంటె" అని, ఆ కింద పెద్ద పేరా. "నేను ఆ ఊరికి పోయినప్పుడు ఒకామె ఇంట్ల చాయ్ తాగుకుంట చూసిన" అని మొదలైంది. చాయ్ దగ్గరే ఆపేశాను. చాయ్ తాగిన సంగతి డాక్యుమెంటులో ఎందుకు? పేరా మొత్తం ఎంచుకుని తీసేశాను. గడువు మాత్రం పట్టికలో ఉంచాను.

ఇక్కడిదాకా తప్పు సగమే.

కొన్ని రోజుల తర్వాత చివరిసారి పట్టిక సరిచూస్తున్నాను. "ఓటీపీ గడువు: సాయంత్రం దాకా" అన్న గడి కనిపించింది. పక్కన కారణం లేదు. ఇదేం పిచ్చి, ఎక్కడైనా ఓటీపీ పొద్దంతా చెల్లుతుందా, ఎవరి చేతికైనా చిక్కితే, అనుకున్నాను. కారణాన్ని తీసేసింది నేనేనన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తే లేదు. కారణం లేని గడి కాబట్టి అది పాత పొరపాటు అయి ఉంటుందని తేల్చేశాను. దాన్ని చెరిపి "డిఫాల్ట్" అని రాశాను. డిఫాల్ట్ అంటే మనం ఏమీ చెప్పకపోతే ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను పెట్టుకునే విలువ; కొత్తదాంట్లో అది కొద్ది నిమిషాలు. కోడ్‌లోనూ నేనే మార్చాను. పరీక్షించాను కూడా. నా నంబర్ పెట్టాను, ఓటీపీ నా చేతిలో ఉన్న ఫోన్‌కే వచ్చింది, రాగానే కొట్టాను, లాగిన్ అయింది.

అది చేస్తుండగానే అక్క ఫోన్ చేసింది. నాకు ఫోన్లు ఎత్తడం ఇష్టం ఉండదు. పొద్దంతా ఫోన్ చేతిలో ఉంటుంది కానీ అది మోగితే మాత్రం ఎవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చినట్టు ఉంటుంది. కట్ చేసి, "పనిలో ఉన్నాను, మెసేజ్ పెట్టు అక్కా" అని పంపాను. ఆమె పెట్టలేదు. నేను మర్చిపోయాను.

సార్ పట్టికలు చూసి, "మస్తు సాపుగ చేసినవమ్మా. గిట్లుండాలె" అన్నారు. ఆ సాయంత్రం ఆ పట్టికలను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టుకున్నాను.

కొత్త సైటు మీద నమోదు రోజు వచ్చింది. పొద్దున బాగానే నడిచింది. మధ్యాహ్నానికి ఆఫీసు ఫోన్ మోగడం మొదలైంది. సార్ బయటికి వెళ్ళారు, ఎత్తక తప్పలేదు. ఒకామె.

"బిడ్డా, నంబర్ కొడ్తె తప్పంటున్నది."

"ఓటీపీ టైమ్ అయిపోయుంటుందమ్మా. మళ్ళీ తెప్పించుకోండి, రాగానే వెంటనే కొట్టండి."

"ఎంటనే ఎట్ల కొడ్త? ఫోన్ ఆయన తాన ఉన్నది."

"అయితే ఆయన్ని పిలవండి."

"ఆయన దుబాయ్ల ఉన్నడు బిడ్డా."

నాకు ఆకలిగా ఉంది, అంతకుముందే ఇలాంటివి ఎన్నో ఫోన్లు వచ్చాయి, నా పట్టిక అద్దంలా ఉంది. గొంతు పెంచాను. "మీ ఓటీపీ మీ దగ్గర ఉన్న ఫోన్‌కి రావాలి కదా. ఎవరి దగ్గరో ఉంటే మేమేం చేస్తాం?"

"ఎవల తాననో ఎందుకుంటది, మా ఆయన తాననే ఉన్నది" అంది ఆమె, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మొన్నటి పారి గిట్ల కాలే. ఆయన అన్నం తినేటప్పుడు సూసి చెప్తుండె, నేను కొడ్తుంటి. పడుతుండె."

"అది పాత సైటు. ఇది కొత్తది. సెక్యూరిటీ ఉంటుంది." ఆ మాట ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. "మళ్ళీ ప్రయత్నించండి" అని పెట్టేశాను.

ఆమె ప్రయత్నించింది. ఎలా ప్రయత్నించిందో తర్వాత తెలిసింది. పని చేసే చోట ఆయన ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు, లాకర్‌లో పెట్టాలి. బయటికి వచ్చినప్పుడు తీసి చూస్తే, ఆమె తెప్పించిన ఓటీపీలన్నీ వరసగా ఉన్నాయి. ఏది చెల్లుతుందో తెలియక అన్నీ చదివి వాయిస్ మెసేజ్ పంపాడు. ఆమె ఒక్కొక్కటీ కొట్టింది. అన్నిటికీ నా కొత్త సైటు ఎర్ర అక్షరాల్లో ఒకే మాట చెప్పింది.

సార్ తిరిగి వచ్చి, ఫోన్ల సంగతి విని, "పాత సైట్ల గిట్ల ఎందుకు కాలేదమ్మా?" అని అడిగారు. మామూలుగానే అడిగారు. నాకు అప్పుడు చాయ్ గుర్తొచ్చింది.

డాక్యుమెంటు పాత రూపాలు ఎక్కడికీ పోవు, వెనక్కి వెళ్ళి చూడొచ్చు. వెళ్ళి చూశాను. ఈసారి పూర్తిగా చదివాను.

"నేను ఆ ఊరికి పోయినప్పుడు ఒకామె ఇంట్ల చాయ్ తాగుకుంట చూసిన. సభ్యత్వం మొగాయన పేరు మీద ఉన్నది, ఆయన దుబాయ్ పోయిండు, సిమ్ వెంట తీస్కపోయిండు. ఓటీపీ గక్కడికి పోతది. ఆయన పగటి డ్యూటీ విడుపుల చూసి చదివి పంపుతడు, గీడ ఆమె మామ సాంచె మీద చాక్‌పీసుతోని రాస్తడు, ఆమె కొడ్తది. ఊర్ల చానా ఇండ్లల్ల గిదే కత. గడువు తగ్గిస్తె వీళ్ళంత బయటనే ఉంటరు. నంబర్ మార్చాలంటె ఆయన సొంతంగ వచ్చి సంతకం పెట్టాలె, గది కాదు. గందుకే సాయంత్రం దాక ఉంచిన. ఎవలన్న నవ్వితె నవ్వనియ్యిండ్రి."

నవ్వింది నేను. గడువు మార్చడానికి ఎంతసేపు పట్టిందని అడగకండి. చాయ్ తాగేంతసేపు కూడా పట్టలేదు. కానీ అప్పటికి నమోదు మూసేశారు. సార్ సొసైటీకి ఫోన్ చేసి బతిమాలారు. జాబితా పైకి వెళ్ళిపోయిందని, వచ్చే ఆర్డర్‌కు చూద్దామని వాళ్ళు అన్నారు. మిగతా ఇళ్ళవాళ్ళు ఎలాగో గట్టెక్కారు. కొందరి మగవాళ్ళకు ఆ రోజు సెలవు, కొందరు ఒక ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇంకో ఫోన్‌లో కొట్టారు. నమోదు కాకుండా మిగిలింది నేను ఫోన్‌లో కసురుకున్న ఆమె ఇల్లే.

"అయింది గదమ్మా, ఏం చేస్తం. నువ్వు రూల్ ప్రకారమే చేసినవ్. ఫికర్ చెయ్యకు" అన్నారు సార్. అదే మొదటిసారి ఆ మాట వినడం.

ఆదివారం బస్సెక్కాను. ముందు ఆమెకు ఫోన్ చేసి, వస్తానని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. వీధిలోకి తిరగగానే రెండు పక్కలా సాంచెల చప్పుడు. పక్కవాళ్ళ మాట వినపడనంత చప్పుడు. ఒక గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాటలు వినిపిస్తున్నాయి. అదే వాళ్ళ ఇల్లు.

ఆమె మామ ఆగిన సాంచె పక్కన కూర్చుని, ఇనుము మీద పేరుకున్న దూదిని గుడ్డతో తుడుస్తున్నాడు. అతని తల పైన, ఇనుప కడ్డీ మీద చాక్‌పీసుతో రాసిన అంకెలు ఉన్నాయి. వరస కింద వరస. ప్రతి వరస మీదా అడ్డగీత. ఆ రోజువి. ఇంకా తుడవలేదు.

"ఫోన్ల కోపం చేసింది నువ్వేనా బిడ్డా?" అంది ఆమె.

"నేనే."

"గొంతు విని పెద్ద మేడం అనుకున్న. పిల్ల లెక్కనే ఉన్నవ్." కుర్చీ తుడిచి వేసింది. "కూసో. చాయ్ పెడ్త."

మామ నా చేతి వైపు చూశాడు. నా చేతిలో ఫోన్ ఉంది. "పట్నపోళ్ళకు ఫోన్ చేతులకెంచి దిగదు గదా" అన్నాడు కోడలితో. "గందుకే ఎంటనే కొట్టుమన్నది. దాని తప్పేం లేదు."

అతను వెటకారంగా అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఫోన్ బ్యాగులో పెట్టేశాను.

చాయ్ తాగుతూ నేను జరిగిందంతా చెప్పాను. డాక్యుమెంటు, పేరా, పట్టిక, గడి. ఆమె విన్నది. అర్థమైందో లేదో కానీ మధ్యలో ఆపలేదు. చివరికి, "కంప్యూటర్ గట్ల చేసింది, నువ్వేం చేస్తవ్" అంది.

"కంప్యూటర్ కాదమ్మా, నేనే చేశాను."

"చేస్తె చేసినవ్. కావాల్నని చేసినవా?"

ఏదో ఒకటి అనాలని, "వచ్చే ఆర్డర్‌కి తప్పకుండా పడుతుంది, నేను దగ్గరుండి చూసుకుంటాను" అన్నాను.

"వచ్చేదానికి పడ్తది" అంది ఆమె, గ్లాసులు తీసుకుంటూ. "ఆయనే, గీ పారి వస్తుండె. సాంచెలు నడిస్తె వాపస్ వచ్చి ఇంట్లనే ఉంటననె. ఆడ కంపెనోళ్ళు ఉంటవా పోతవా అని అడుగుతుండ్రట. గీ ఆర్డర్ మనకు పడ్డదా అని డ్యూటీ దిగంగనే అడిగిండు. పడలే అని చెప్పిన. ఇంగ ఆడనే ఉంటనని సంతకం పెట్టిచ్చిండు."

మామ తుడవడం ఆపలేదు. "ఆడ జీతమన్న వస్తది" అన్నాడు.

"ఆ, వస్తది" అంది ఆమె.

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు, నన్ను తప్పు పట్టలేదు. వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మందాకా వచ్చి, "మల్ల రా బిడ్డా, ఆయన వచ్చినంక రా" అంది. ఎప్పుడొస్తాడని నేను అడగలేకపోయాను.

బస్టాండ్‌లో కూర్చుని అక్కకు ఫోన్ చేశాను. మెసేజ్ కాదు, ఫోన్. ఎత్తగానే ఏడుపు వచ్చేసింది.

"ఏందే, ఎందుకు గట్ల ఏడుస్తున్నవ్? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవరూ ఏమీ అనట్లేదక్కా. అదే."

అంతా చెప్పాను. అక్క చివరిదాకా విన్నది. తర్వాత, "తప్పు నాదే చెల్లె" అంది. "గసుంటి సంగతి డాక్యుమెంట్ల కతలెక్క రాస్తె ఎవలు సదువుతరు? కోడ్‌లనే, ఆ లైన్ పక్కనే ఒక్క ముక్క రాయాల్సి ఉండె. మార్చబోయేటోళ్ళ కండ్లకు అప్పుడే పడుతుండె. నేనే సోమరితనం చేసిన."

"నువ్వు రాశావు. నేను చదవలేదు. నీది తప్పెలా అవుతుంది?" నాకు కోపం వచ్చింది. ఏడుస్తూ కోపగించుకోవడం ఎలా ఉంటుందో బస్టాండ్‌లో వాళ్ళంతా చూశారు.

"సరే, గొడవ పడకు. ఇద్దరిది."

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు కదా అక్కా. నేను కట్ చేశాను. దీని గురించేనా?"

ఆమె నవ్వింది. "నీకు అన్ని కంప్యూటర్ ముచ్చట్లేనా? బిడ్డ పుట్టిందే. గది చెప్దమని చేసిన. నువ్వు పనిల ఉన్నన్నవ్. మెసేజ్‌ల రాసే ముచ్చటనా గది, మల్ల చెప్దంలే అనుకున్న."

ఆఫీసులో అందరికీ తెలుసు. మిఠాయి కూడా పంచారు. నేను ఫోన్ చూసుకుంటూ తిన్నాను.

తర్వాతి ఆర్డర్‌కు ఆమె పేరు పడింది. ఆయన అన్నం వేళకు చదివి పంపిన ఓటీపీ చెల్లింది. "పడ్డది బిడ్డా" అని నాకు వాయిస్ మెసేజ్ పంపింది. వెనక సాంచె చప్పుడు వినిపిస్తోంది. ఆయన మాత్రం దుబాయ్‌లోనే ఉన్నాడు. ఆ మెసేజ్ విని నేను సంతోషించి ఉండాల్సింది.

అక్క చెప్పినట్టే కోడ్‌లో ఆ లైన్ పక్కన ఒక్క ముక్క రాశాను. డాక్యుమెంటులో పేరా కూడా తిరిగి పెట్టాను, చాయ్‌తో సహా. ఇప్పుడు బాసర బస్సుల సైటు మారుస్తున్నాం. దాని డాక్యుమెంటు నేనే రాస్తున్నాను. పొడుగ్గా వస్తోంది. "ఇంత ఎవలు సదువుతరమ్మా, జర తగ్గియ్యి. నువ్వే గదా అప్పుడు అంత సాపుగ చేసినవ్" అంటారు సార్. ఆయన అన్నది నిజమే, ఇంత ఎవరూ చదవరు. చదవరనే నేను తీసేశాను. తీసేశాను కాబట్టి, ఇంటికి రావాల్సిన మనిషి ఎక్కడో ఎండలో ఇంకో కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా డాక్యుమెంటులో కారణాలు అనవసరం, విలువ ఒక్కటి ఉంటే చాలు అని మీకు ఇంకా అనిపిస్తే, ఆ మాట వెళ్ళి ఆమె గుమ్మంలో నిలబడి అనగలరా?